మినహాయింపు లేని బోర్డు

కొలిమి నెల, మొదటి సోమవారం

నర్సింగం సార్ నా పూచీ వదులుకుంటున్నారు. పొద్దున గాలి పంకాలు తిరగడం మొదలవగానే గోడ తడుముకుంటూ వచ్చి, నా క్లినిక్‌లో స్టూలు మీద కూర్చుని ఆ మాట చెప్పారు.

"కండ్లు అగుపడ్తలేవు బిడ్డా. నీకు పూచీ ఉండాలంటే నీ తప్పులు చూసేటందుకు నాకు కండ్లుండాలె గదా. చల్ల నెల సైరన్ కొట్టేలోపట ఇంకొకర్ని చూసుకో."

చాయ్ ఇస్తే రెండు గుక్కలు తాగి లేచారు. ఆయన నాకు పని నేర్పిన గురువు. నా క్లినిక్‌కు ఇన్నేళ్ళుగా ఉన్న బీమా కూడా ఆయనే. ఇంకొకరు దొరక్కపోతే, ఎండల కొలిమి నెల ముగిసి చల్ల నెల మొదలైందని సైరన్ కొట్టే రోజు డాక్టర్ల సంఘం మనిషి వచ్చి నా తలుపు మీది దీపం విప్పుకుపోతాడు. దీపం లేని క్లినిక్‌లో దగ్గు మందు పోసినా నేరమే. అంత కష్టం నెత్తిన పడితే నేను చేసిన మొదటి పని, ఆయన ఇక్కణ్ణించి ఎటు వెళ్తున్నారో చూడటం.

ఎదురుగా స్వరూప క్లినిక్‌లోకి వెళ్ళారు. నా దగ్గర కూర్చున్న దానికంటే ఎక్కువసేపు కూర్చున్నారు. అక్కడ చాయ్ గ్లాసు రెండోసారి కూడా నిండింది. నాకు కడుపు మండిపోయింది.

స్వరూప, నేను నర్సింగం సార్ దగ్గరే కలిసి నేర్చుకున్నాం. ఆమె నాకంటే చిన్నది. పాత బొగ్గుగనిలోకి వాలుగా దిగే ఈ ఏడో ఇంక్లైన్ సొరంగంలో మా క్లినిక్‌లు రెండూ ఎదురెదురుగా ఉంటాయి. ఆమె బోర్డు మీద "డాక్టర్ స్వరూప, అన్ని జబ్బులకూ" అని ఉంటుంది. దాని కింద ఖాళీ. నా బోర్డు మీద "డాక్టర్ మల్లీశ్వరి, అన్ని జబ్బులకూ" అని ఉండి, కింద ఎర్ర రంగుతో "ఎముకలు మినహా" అని ఉంటుంది. ఓదెలు మోకాలు నా చేతిలో వంకరగా అతుక్కున్న ఏడాది నర్సింగం సార్ స్వయంగా రాశారు. ఎర్ర రాత లేని బోర్డు ఈ ఇంక్లైన్ మొత్తానికి స్వరూపదొక్కటే. దాన్ని చూడకుండా నేను తలుపు తీయలేను.

పూచీ మారే ఏడు డాక్టరు తన రోజులన్నీ రికార్డు చేయాలని సంఘం నియమం. ఈ రికార్డులు ఎవరూ వినరని అందరికీ తెలుసు. అందుకే నిజం చెబుతున్నాను.

కొలిమి నెల, మొదటి గురువారం

తడి దుప్పటి కప్పుకుని లిఫ్టులో పైకి వెళ్ళొచ్చాను. గని బావి నోటి దగ్గర పై కంపెనీ వాళ్ళు పెట్టిన మిషన్ ఒకటి ఉంది. బీమా పాలసీలు అమ్ముతుంది. గొంతు మాత్రం పెళ్ళి పిలుపులా తియ్యగా ఉంటుంది. కింద క్లినిక్ పెట్టినవాళ్ళకు ఏమేం వర్తిస్తాయో చెప్పమన్నాను.

దుమ్ము వల్ల వచ్చిన జబ్బులు మినహా అంది. చీకటి వల్ల, చెమ్మ వల్ల, పైకప్పు రాలడం వల్ల వచ్చినవి మినహా అంది. వీటిలో ఏదీ కాని కారణంతో మొదలై, కింద ఉండగా ముదిరినవి కూడా మినహా అంది.

"మరి మిగిలిందేంది?" అని అడిగాను.

"వడదెబ్బకు చేసే వైద్యానికి సంపూర్ణ రక్షణ ఉందండీ."

"ఎండకు తాళలేకనే గదా మా తాతలు ఈ బొగ్గుబాయిల్ల దిగింది. కింద వడదెబ్బ ఎవలికి తాకుతది?"

"అవునండీ. ఇంతవరకూ ఒక్క క్లెయిమ్ కూడా రాలేదు," అంది గర్వంగా.

తిరిగి లిఫ్టు ఎక్కాను. పైవాళ్ళ బీమా అంతే. తప్పు జరిగితే డబ్బు చేతిలో పెట్టి చేతులు దులుపుకుంటారు, అది కూడా ఇస్తే. మా పూచీ వేరు. నా చేతిలో ఒక కేసు చెడితే, నాకు పూచీ ఉన్న డాక్టరు ఆ మనిషిని బతికినన్నాళ్ళూ చూసుకోవాలి. పంచాయతీలో నా పక్కన నిలబడాలి. అందుకని ఏడాదికోసారి వచ్చి రోజంతా నా క్లినిక్‌లో కూర్చుని నా పని చూసే హక్కు, తాము మోయలేమనుకున్నవి నా బోర్డు మీద ఎర్ర రంగుతో రాసే హక్కు వాళ్ళకుంటాయి. రాసిన పని నేను ముట్టుకోకూడదు.

కిందికి దిగేసరికి స్వరూప గుమ్మం ముందు జనం బారులు తీరి ఉన్నారు. నా గుమ్మంలో నర్సు లచ్చవ్వ ఒక్కతే గాలి జల్లెడలు దులుపుతోంది. స్వరూప జల్లెడలు ఎవరు దులుపుతారో గానీ ఎప్పుడు చూసినా కొత్తవాటిలా ఉంటాయి.

కొలిమి నెల, రెండో వారం

ఓదెలును తొమ్మిదో ఇంక్లైన్‌కు పంపాను, డాక్టర్ బక్కయ్య దగ్గరికి.

పూచీ ఉంటారా అని మేం నోటితో అడగం. మన చేతిలో చెడిన కేసుల్లో అన్నిటికంటే చెడ్డదాన్ని పంపుతాం. ఆ మనిషి దగ్గర మన పేరున్న ఇత్తడి బిళ్ళ ఉంటుంది, వెనకటి గని కార్మికులు హాజరుకు వాడిన బిళ్ళల్లాంటిది. అవతలి డాక్టరు ముందు కేసంతా చూసి, ఆ తర్వాతే "నిన్నెవరు పంపారు" అని అడగాలి. అడిగితేనే బిళ్ళ తీయాలి. ముందే పేరు తెలిస్తే చూసే చూపు మారిపోతుందని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి. ఒప్పుకుంటే తమ దీపం తెచ్చి మన తలుపుకు వేలాడదీస్తారు. ఒప్పుకోకపోతే నోరు మూసుకుంటారు. ఆ కేసు సంగతి ఊళ్ళో అన్నారంటే మాత్రం అందరి ముందూ కాదన్నట్టే. అలా కాదనిపించుకున్న డాక్టరు జోలికి ఆ ఏడు ఇంకెవరూ రారు.

ఓదెలుకు ఇదొక పండగ. తలస్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని, కుంటుకుంటూ బయల్దేరాడు.

"నా మోకాలు లేకుంటే నీకు పూచే దొరకదు డాక్టరమ్మా, యాదుంచుకో," అన్నాడు.

యాదుంచుకోక ఏం చేస్తాను. ఆ మోకాలిని వారానికోసారి నేనే నూనె పెట్టి తోముతున్నాను.

బక్కయ్య తనే వచ్చాడు. నా క్లినిక్‌లో రోజంతా కూర్చున్నాడు. నేను సూది తీసినప్పుడల్లా తనకే గుచ్చుతానేమో అన్నట్టు కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. లచ్చవ్వ వండిన కూర మెచ్చుకున్నాడు. పోయేముందు చెప్పాడు.

"ఎముకలు మినహా. కాన్పులు మినహా. పసిపిల్లలు మినహా. కండ్లు గూడ వద్దులేమ్మా, నాకు భయం. గీటికి ఒప్పుకుంటే సైరన్ నాడు వచ్చి రంగు పెడ్త."

అతను వెళ్ళాక లచ్చవ్వ గిన్నెలు కడుగుతూ అంది. "నీకు దగ్గు, జరం, పుండ్లు మిగిల్చిండు. కాన్పులు లేకుంటే మన తలుపు తట్టేదెవరు బిడ్డా? ఎదురుంగ స్వరూపమ్మ ఉన్నది గదా. ఆమెకు దేనికి భయం లేదు. ఓదెలును ఆడికి పంపరాదూ?"

"నువ్వు గిన్నెలు కడుగు," అన్నాను.

ఓదెలు కుంటుతూ ఆ గడప దాటడం, ఆమె ఆ మోకాలు తడిమి నా చేతి పనిని చూడటం, చూసి పాపం అనుకోవడం. ఆ పాపం అనే మాట పడటం కంటే దీపం పోవడం నయం. లచ్చవ్వకు అలా చెప్పలేదు గానీ, చెప్పకపోయినా ఆమెకు తెలుసు.

కొలిమి నెల, మూడో మంగళవారం

ఈ రోజు నాకు సంతోషంగా ఉంది. ఇంత సంతోషపడటం మంచిది కాదని తెలిసి కూడా సంతోషంగా ఉంది.

తిరుమల అనే అమ్మాయి వచ్చింది. పుట్టగొడుగుల అరల్లో పని చేస్తుంది. కోసే కత్తి జారి అరచేయి తెగిందట. పైన పుండు మానింది గానీ ఉంగరపు వేలు వంగడం లేదు.

చెయ్యి దీపం కిందికి లాగి చూశాను. చూడగానే తెలిసింది, అది స్వరూప కుట్టు. చివరి ముడిని చర్మం లోపలికి తిప్పి దాచే అలవాటు ఈ ఊరంతటికీ ఆమె ఒక్కదానికే ఉంది. ఒకప్పుడు నర్సింగం సార్ నన్ను పిలిచి మరీ, చూడు ఎట్ల కుట్టిందో అని చూపించింది ఆ ముడినే. అంత అందమైన కుట్టు కింద, వేలును మడిచే స్నాయువు, మేం తాడు అంటాం, తెగి ఉంది. ఆమె చూసుకోలేదు. చర్మం కలిపి పంపేసింది.

నేను ఆ చేతిని ఎంతసేపు చూశానో తెలీదు. ప్రతి వేలూ విడివిడిగా మడిపించాను. సూదితో స్పర్శ చూశాను. తాడు ఎంత పైకి జారిందో నొక్కి పట్టుకున్నాను. ఆమె ఏ అడుగు దగ్గర పొరపడిందో కళ్ళకు కట్టినట్టు తెలిసింది. తెగి ఎక్కువ రోజులు కాలేదు కనుక కలపొచ్చు. నా జీవితంలో ఏ కేసునూ ఇంత శ్రద్ధగా చూసి ఉండను.

"ఆదివారం రా. తాడు దొరకబట్టి కుడ్త. వేలు వంగుతది," అన్నాను.

తిరుమల కదల్లేదు. కొంగు ముడి పట్టుకుని నిలబడింది. "ఇంకేమన్న అడుగుతవా అమ్మా?"

"అడిగేదేమున్నది. నాకన్నీ తెలిసినయ్."

ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆమెను విడిచి నా దగ్గరికొచ్చింది. ఇన్నేళ్ళకు ఒక్కరన్నా ఆ గుమ్మం దిగి నా గుమ్మం ఎక్కారు.

కొలిమి నెల, మూడో బుధవారం

నీళ్ళ లైనులో చెప్పేశాను. బిందె పట్టుకుని నిలబడ్డాను కదా, ముందున్నామె స్వరూపమ్మ చెయ్యి చల్లనిది అంటూ మొదలుపెట్టింది. నా నోరు ఊరుకోలేదు.

"చల్లని చెయ్యే. ఆ చెయ్యి కుట్టిన పిల్ల నిన్న నా తానకచ్చింది. వేలు వంగుతలేదు. లోపల తాడు తెగింది చూసుకోకుంటనే పైన కుట్టేసింది," అన్నాను.

లైను మొత్తం నా వైపు తిరిగింది. పేరు చెప్పలేదు గానీ పుట్టగొడుగుల అర అన్నాను. ఆ మాత్రం చాలు. బిందె నిండి కారిపోతున్నా నేను చూసుకోలేదు.

కొలిమి నెల, నాలుగో శుక్రవారం

నా గుమ్మంలో జనం నిలబడుతున్నారు. స్వరూప గుమ్మం ముందు బెంచీ ఖాళీ. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే. కోరుకున్నంత బాగానే ఉంది.

తిరుమల చేతికి ఆదివారం ఆపరేషన్ చేశాను. బాగా జరిగింది. స్వరూప చూసి ఉంటే బాగుండేదనిపించింది, అదీ కుళ్ళుతోనే.

ఈ ఉదయం సంఘం మనిషి వచ్చి స్వరూప తలుపు మీద సుద్దతో అడ్డగీత గీసి వెళ్ళాడు. ఆ గీత పూచీ లేని క్లినిక్‌కు గీస్తారు. సైరన్ రోజున దీపం విప్పడానికి గుర్తు. నాకు అర్థం కాలేదు. అందరూ ఎగబడి పూచీ ఉండాల్సిన డాక్టరు ఆమె. లచ్చవ్వను అడిగితే ఆమె నా మొహం వైపు ఒకసారి చూసి, కట్టు గుడ్డలు ఉడకబెట్టడానికి పోయింది.

మధ్యాహ్నం తిరుమల కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. కొత్త కట్టు కట్టాక, మంచి చేత్తో కొంగు ముడి విప్పి ఒక ఇత్తడి బిళ్ళ బల్ల మీద పెట్టింది. దాని మీద స్వరూప పేరుంది.

"ఇది నువ్వు అడగనే లేదమ్మా. అడగంది ఇయ్యద్దని చెప్పి పంపింది మా డాక్టరమ్మ. ఇంక నా తాన ఉండి ఏం చేస్తది. నువ్వు కాదంటివి గదా."

"నేనెప్పుడు కాదన్న?"

"నీళ్ళ లైన్ల చెప్పితివంట గదా. ఆఖరికి నలుగురైదుగురు డాక్టర్లను నోటితోనే అడిగిచ్చింది మా డాక్టరమ్మ. మల్లీశ్వరమ్మ కాదన్నంక మేమెట్ల ఉంటం అన్నరంట."

బిళ్ళ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు నర్సింగం సార్ రెండో గ్లాసు చాయ్ గుర్తొచ్చింది. నాకు చెప్పిన మాటే ఆయన ఆ రోజు అక్కడా చెప్పారు. ఆమెకూ ఆయనే పూచీ. ఆమెకూ ఇంకొకరు కావాలి. చిన్న డాక్టర్లకు కూడా తెలిసిన సంగతి, చెడిన కేసు చేతికొస్తే ఎవరు పంపారని అడగడం, నేను అడగలేదు. కుట్టు చూసి ఎవరిదో గుర్తుపట్టాను కనుక అడగలేదు. ఆమె నన్ను అడుగుతుందన్న ఊహ నా బుర్రలోకి రానే లేదు.

తిరుమల వెళ్ళిపోయాక లచ్చవ్వ వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు ఔనన్నా అనొచ్చు, సైరన్ కొట్టలే," అంది. "గని ఒకటి ఆలోచించుకో బిడ్డా. నువ్వు ఆమెకు పూచీ ఉంటే, ఆమె నీకు ఉండొద్దు. ఎదురుపూచీ చెల్లదు. ఓదెలును ఆడికి పంపే దారి ఉండదు. బక్కయ్యే దిక్కు."

"నేనెప్పుడన్న ఆడికి పంపుత అన్ననా?"

"అనలే. అంటవని నాకు ఆశ ఉండె."

నాకూ ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. నా ఎముకలు, నా కాన్పులు అన్నీ భయం లేకుండా మోయగలిగింది ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే. అది తెలుసు కాబట్టే అంత కుళ్ళు.

కొలిమి నెల, ఆఖరి ఆదివారం

నీళ్ళ లైనుకు మళ్ళీ వెళ్ళాను, బిందె లేకుండా, నా పేరున్న దీపం చేత్తో పట్టుకుని. ఎక్కడ వాగానో అక్కడే చెప్పాలి. చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కున్నాను గానీ, అక్కడికి వెళ్ళేసరికి నాలుగు ముక్కలే మిగిలాయి.

"ఆ పిల్లను ఎవరు పంపిండ్రో నేను అడగలే. అడగకుంటనే కుళ్ళుతోని వాగిన. స్వరూపను నేను కాదనలే."

నల్లా కింద బిందె నిండి పొర్లింది. లైను చివర ఓదెలు చంకకర్ర మీద వాలి అడిగాడు.

"మరి ఔనన్నవా?"

వీడికి మోకాలు వంకరగా అతికించిన పాపానికి నాకు ఈ శిక్ష.

"అంటున్న," అన్నాను.

అందరూ నా వెనకే వచ్చారు. స్వరూప గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను సుద్ద గీత కొంగుతో తుడిచి, నా దీపం ఆమె తలుపు కొక్కేనికి తగిలించాను. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. స్టూలు తెచ్చి లోపల వేసింది.

"కూసో అక్కా. రోజంత చూడాలె గదా."

చూశాను. ఇన్నేళ్ళూ తలుపు చాటు నుంచి చూసిందాన్ని ఈ రోజు దర్జాగా స్టూలేసుకుని చూశాను. తప్పు దొరుకుతుందేమోనని ఆమె చేతుల మీంచి కళ్ళు తిప్పలేదు. సాయంత్రం చెయ్యి తెగిన కుర్రవాడొకడు వస్తే, కుట్టేముందు ప్రతి వేలూ విడివిడిగా మడిపించి చూసింది. ఒకటి కాదు, రెండుసార్లు. తిరుమల చెయ్యి తర్వాత నేర్చుకుందని అర్థమైంది. నేర్చుకోవడంలో కూడా ముందే ఉంది.

జనం పోయాక అడిగాను. "నన్నెందుకు ఎంచుకున్నవ్? నేను నీ మీద ఏడుస్తనని నీకెరుక లేదా?"

"ఎరుకనే అక్కా. ఊర్లె ఎవలకు చూపెట్టినా కుట్టు మంచిగున్నది అంటరు. నర్సింగం సార్ గూడ గంతే. నా తప్పు కోసం చూసేది నువ్వొక్కదానివే. ఆ చెయ్యి నువ్వు చూసినట్టు ఇంకెవలు చూస్తరు?"



చల్ల నెల, మొదటి రోజు

సైరన్ కొట్టింది. బక్కయ్య వచ్చి తన దీపం తగిలించి, నా బోర్డు కింద ఎర్ర రంగుతో రాసి పోయాడు. ఎముకలు, కాన్పులు, పసిపిల్లలు, కళ్ళు మినహా. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. మధ్యాహ్నం నా దగ్గర నెల నెలా చూపించుకుంటున్న నిండు గర్భిణిని నేనే చెయ్యి పట్టుకుని ఎదురింటి గడప దాటించాను. లచ్చవ్వ చూసి మొహం తిప్పుకుంది. నాకు ఒళ్ళంతా మండింది. ఆ మంట ఇంకా ఉంది.

మిగిలిన ఎర్ర రంగు, కుంచె తీసుకుని స్వరూప క్లినిక్‌కు వెళ్ళాను. ఇప్పుడు ఆమె బోర్డు మీద రాసే హక్కు నాది. ఆమె స్టూలు వేసి, అది కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"రాయి అక్కా. ఏది మొయ్యలేవో అది రాయి."

ఎక్కాను. ఇన్నేళ్ళు దూరం నుంచి చూసి కుమిలిన ఆ ఖాళీ చోటు నా ముక్కు ముందే ఉంది. "అరచేయి మినహా" అని రెండు మాటలు చాలు. ఎవరూ తప్పనరు. న్యాయం కూడా. కుంచె రంగులో ముంచాను కూడా. కింద ఆమె స్టూలు పట్టుకునే ఉంది, తల ఎత్తలేదు.

తిరుమల చెయ్యి చూశాను. నిన్న ఈ చేతులనూ చూశాను. రాయడానికి ఏమీ లేదు. కుంచెను డబ్బాలో పడేసి, కొంగుతో బోర్డు మీది బొగ్గు దుమ్ము తుడిచి దిగాను.

ఇప్పుడు నా గుమ్మంలో కూర్చుని దీన్ని రికార్డు చేస్తున్నాను. ఎదురుగా నా దీపం వెలుగులో ఆమె బోర్డు మునుపటి కంటే తెల్లగా కనబడుతోంది. తన తప్పులు కాచుకోవడానికి తన మీద ఏడ్చేదాన్నే పెట్టుకోవాలన్న తెలివి కూడా ఆమెకే వచ్చింది. ఓదెలు మోకాలిని తొమ్మిదో ఇంక్లైన్ దాకా పంపిన నాకు ఎందుకు రాలేదో, అదే ఆలోచిస్తున్నాను.